బేకరీ తయారీ షెడ్డు వెతుకుతున్నవారికి: హైదరాబాద్‌లో కరెంటు, నీళ్లు, గ్యాస్ ఎలా చూసుకోవాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. నిజామాబాద్‌లో బ్రెడ్డు, బన్ను, రస్కు తయారు చేస్తున్న మీరు హైదరాబాద్‌లో రెండో యూనిట్ పెట్టాలనుకుంటున్నారు. జీడిమెట్ల పాత పారిశ్రామికవాడలో ఒక షెడ్డు, మేడ్చల్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు దాటిన తరువాత మరొక షెడ్డు చూశారు. రెండోదాని అద్దె మొదటిదానిలో దాదాపు సగమే. రోజుకు టన్ను దాకా మైదా వాడతారు, రెండు రోటరీ ఓవెన్లు పెడతారు, ముందు భాగంలో చిన్న అమ్మకం కౌంటర్ కూడా ఉంటుంది. కరెంటు, నీళ్లు, గ్యాస్, ఇంటర్నెట్ పరంగా ఏది మేలు, హెచ్‌టీ (11 వేల వోల్టుల హై టెన్షన్) కనెక్షన్ తీసుకోవాలా, ముందుగా ఎవరిని కలవాలి అన్నవి మీ సందేహాలు. చిన్న, మధ్య తరహా యూనిట్లకు విద్యుత్ పనులు చేయించే కాంట్రాక్టరుగా నాకు ఎదురైన అనుభవాల మేరకు సమాధానం రాస్తున్నాను.

ముందు సూటిగా చెబుతాను. ఓవెన్లు గ్యాస్‌వి పెట్టుకోండి, ఎల్‌టీ (లో టెన్షన్, అంటే మామూలు 415 వోల్టుల సరఫరా) పరిశ్రమల కేటగిరీలో 60 కిలోవాట్ల లోపు లోడు తీసుకోండి, హెచ్‌టీ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. షెడ్డు విషయంలో నా మొగ్గు జీడిమెట్ల వైపే. అయితే పక్క షెడ్డులో రసాయనాల యూనిట్ ఉండకూడదు, ఇప్పుడున్న విద్యుత్ సర్వీసు బకాయిలు లేకుండా నడుస్తూ ఉండాలి, జలమండలి (నగర నీటి బోర్డు) కనెక్షన్ ఆ షెడ్డు పేరుమీదే ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ షెడ్డు వదిలేసి అదే వాడలో మరొకటి వెతకడం మంచిది. అద్దె తేడాను లెక్క వేసేటప్పుడు, మౌలిక వసతులు లేని షెడ్డుకు వాటిని మీ డబ్బుతో తెచ్చిపెట్టి, ఖాళీ చేసే రోజున యజమానికి అప్పగించి వస్తారన్న సంగతి కూడా అందులో కలుపుకోవాలి.

అన్నిటికంటే ముందు ఓవెన్ గురించి ఎందుకు మాట్లాడుతున్నానంటే, బేకరీలో విద్యుత్ కనెక్షన్ స్వరూపాన్ని నిర్ణయించేది ఓవెన్ ఇంధనమే. ఒక ట్రాలీ పట్టే విద్యుత్ రోటరీ ఓవెన్ సుమారు 40 నుంచి 50 కిలోవాట్లు తీసుకుంటుంది. రెండు పెడితే ఓవెన్లకే 80 నుంచి 100 కిలోవాట్ల దాకా అవుతుంది. మన రాష్ట్రంలో ఎల్‌టీ పరిశ్రమలకు గరిష్ఠ పరిమితి 75 కిలోవాట్లు, అంటే 100 హెచ్‌పీ. కాబట్టి విద్యుత్ ఓవెన్లను ఎంచుకున్న క్షణంలోనే మీరు హెచ్‌టీ వినియోగదారు అయిపోతారు. గ్యాస్ బర్నర్ ఉన్న అదే ఓవెన్‌కు ఫ్యాను, ట్రాలీ తిప్పే మోటారు, బర్నర్ బ్లోయరు కలిపి రెండు మూడు కిలోవాట్లు చాలు. రెండు ఓవెన్లకు 6, పిండి కలిపే రెండు స్పైరల్ మిక్సర్లకు 10, పిండి పొంగించే ప్రూఫర్లకు 6, కోల్డ్ రూముకు 6, స్లైసరు, ప్యాకింగ్ యంత్రాలు, వాటి కంప్రెసర్ కలిపి 12, నీటి మోటార్లు, లైట్లు, ఆఫీసు ఏసీ కలిపి మరో 10 వేసుకున్నా మొత్తం 50 కిలోవాట్ల దగ్గర ఆగుతుంది. అన్నీ ఒకేసారి నడవవు కనుక మీటరులో నమోదయ్యే గరిష్ఠ డిమాండు, అంటే ఆ నెలలో లాగిన అత్యధిక లోడు, అంతకంటే తక్కువే ఉంటుంది. రేపు ఇంకో ఓవెన్ పెట్టినా మరో మూడు కిలోవాట్లే పెరుగుతుంది.

హెచ్‌టీ చెడ్డదని నేను అనడం లేదు. 11 కేవీ లైను నుంచి సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే వోల్టేజీ నిలకడగా ఉంటుంది, వీధిలో పక్కవాడి వెల్డింగ్ మిషను మీ మోటార్లను ఇబ్బంది పెట్టదు. 1500 కేవీఏ (లైను మీద పడే మొత్తం లోడుకు కొలత) దాకా 11 కేవీలోనే ఇస్తారు కాబట్టి ఎదగడానికి చోటు కూడా ఉంటుంది. అయితే ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకరు, మీటరింగ్ సెట్టు, కేబుల్, ఎర్తింగ్, వాటి డ్రాయింగులకు విద్యుత్ తనిఖీ శాఖ ఆమోదం, ఆపైన తనిఖీ, ఇవన్నీ మీ ఖర్చే, లక్షల్లో ఉంటుంది. దానికి మించి చాలామంది పట్టించుకోనిది బిల్లు వేసే పద్ధతి. హెచ్‌టీలో ఆ నెల నమోదైన గరిష్ఠ డిమాండు, ఒప్పంద డిమాండులో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డిమాండు ఛార్జీ వేస్తారు. 100 కేవీఏకు ఒప్పందం చేసుకొని 55 మాత్రమే వాడుతున్నా 80 కేవీఏకు కట్టాలి. కొత్త ఊళ్లో మార్కెట్ కుదురుకునేదాకా సగం సామర్థ్యంతో నడిచే బేకరీకి ఇది ప్రతినెలా భారమే. పైగా హెచ్‌టీ పరిశ్రమలకు ఉదయం 6 నుంచి 10 దాకా, సాయంత్రం 6 నుంచి 10 దాకా వాడిన యూనిట్లపై అదనపు రేటు ఉంటుంది, రాత్రి 10 తరువాత రాయితీ ఉంటుంది. తెల్లవారేసరికి దుకాణాలకు బ్రెడ్డు చేర్చేవారు రాత్రి కాలుస్తారు కాబట్టి వారికి ఈ రాయితీ కలిసి వస్తుందన్నది నిజమే. మీరు మూడు ఓవెన్లు దాటి, రాత్రంతా నడిపే స్థాయికి చేరిన రోజున ఈ లెక్క మళ్లీ వేసుకోవచ్చు.

ఎల్‌టీ అయినా, హెచ్‌టీ అయినా పవర్ ఫ్యాక్టర్ (లైను మీద పడే లోడులో నిజంగా పనికొచ్చే వంతు) మాట మరచిపోవద్దు. ఈ స్థాయి లోడుకు బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే కిలోవాట్లకు కాక కేవీఏలకు వస్తుంది. 40 కిలోవాట్ల పనికి పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే మీటరు 50 కేవీఏగా చూస్తుంది, 0.95కు తెస్తే 42 కేవీఏగా చూస్తుంది. మిక్సర్లు, కంప్రెసర్లు అన్నీ మోటార్లే కనుక తగిన కెపాసిటర్ ప్యానెల్ పెట్టించండి. దాని ఖర్చు ఎక్కువ కాలం పట్టకుండానే తిరిగి వస్తుంది.

ఇక కేటగిరీ. మీరు ముందు భాగంలో కౌంటర్ పెడతామన్నారు, అక్కడే జాగ్రత్త అవసరం. టారిఫ్ ఉత్తర్వులో పరిశ్రమ అంటే అమ్మకం కోసం సరుకును తయారు చేయడం, ప్రాసెస్ చేయడం, నిల్వ ఉంచడం. దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లు, ఆఫీసులు అందులోకి రావు. కాబట్టి తయారీ విభాగానికి ఎల్‌టీ మూడో కేటగిరీ, అమ్మకం కౌంటరుకు ఎల్‌టీ రెండో కేటగిరీ వర్తిస్తాయి. రెండింటి మధ్య యూనిట్‌కు రెండు రూపాయలకు పైగా తేడా ఉంటుంది. కౌంటరుకు విడిగా సర్వీసు, విడిగా మీటరు తీసుకోండి, రెండు వైరింగులు ఎక్కడా కలవనివ్వకండి. నాకు తెలిసిన ఒక అప్పడాలు, చిరుతిళ్ల యూనిట్‌లో తయారీ మీటరు నుంచే ముందున్న దుకాణంలోని ఫ్రిజ్జులకు, ఏసీకి వైరు లాగారు. తనిఖీకి వచ్చినవారు విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ కింద కేసు రాశారు. ఆ సెక్షన్ ప్రకారం సంబంధిత కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు, ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే 12 నెలలకు లెక్క కడతారు. అప్పీలుకు వెళ్లాలంటే 30 రోజుల్లోపు, అందులో సగం మొత్తం ముందుగా కట్టి వెళ్లాలి. కౌంటరుకు విడి మీటరు పెట్టించే ఖర్చు దీని ముందు లెక్కలోకి రాదు.

ఇప్పుడు షెడ్డు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం చూడాలో చెబుతాను.

మొదట యజమాని దగ్గర పాత కరెంటు బిల్లు అడిగి తీసుకోండి. దానిమీద యూఎస్‌సీ నంబరు (ఆ సర్వీసు గుర్తింపు సంఖ్య), కేటగిరీ, ఒప్పంద లోడు ఉంటాయి. యజమాని నోటిమాటగా "వంద హెచ్‌పీ ఉంది" అంటారు, బిల్లులో 20 హెచ్‌పీ ఉంటుంది, లేదా బిల్లు ఆగిపోయిన సర్వీసు అయి ఉంటుంది. ఒక రస్కు తయారీదారు ఇలాగే నోటిమాట నమ్మి, ఆరు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చి, యంత్రాలు దింపిన తరువాత నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే గోడమీద మీటరు పెట్టె ఉంది కానీ లోపల మీటరు లేదు. ముందున్న అద్దెదారు బకాయి పెట్టి పోవడంతో సంస్థవారు సర్వీసు తీసేశారు. పాత బకాయి తీర్చనిదే కొత్త సర్వీసు రాదన్నారు. బకాయి పాతవాడిది, నాకేం సంబంధమని ఆయన వాదించారు. కానీ ఆ వాదన నిలబడటం కష్టం. కేరళ విద్యుత్ బోర్డుకు సంబంధించిన కేసుల్లో సుప్రీంకోర్టు 2023 మే నెలలో ఇచ్చిన తీర్పు ప్రకారం, నిబంధనల్లో అలాంటి షరతు ఉన్నచోట పాత బకాయి కట్టమని కొత్తగా కనెక్షన్ అడిగేవారిని కూడా అడగవచ్చు. అందుచేత అడ్వాన్సు ఇవ్వకముందే ఆ యూఎస్‌సీ నంబరుతో విద్యుత్ సంస్థ వెబ్‌సైటులో గత ఏడాది బిల్లులు, బకాయిలు చూసుకోండి. ఒకే ఆవరణలో రెండు మూడు సర్వీసులు ఉంటే అన్నిటినీ చూడండి.

రెండవది, ఆ షెడ్డుకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఏదో వెతికి పట్టుకోండి. దానిమీద సామర్థ్యం రాసిన పలక ఉంటుంది, దిమ్మెకో స్తంభానికో నంబరు రాసి ఉంటుంది. అది 100 కేవీఏ అయితే పూర్తి లోడు మీద ఫేజుకు సుమారు 139 ఆంపియర్లు ఇవ్వగలదు. మీ 50 కిలోవాట్లు ఒక్కటే 70 ఆంపియర్లకు పైగా అడుగుతాయి, అంటే సగం మీకే కావాలి. అప్పటికే ఆ వీధిలో నాలుగైదు యూనిట్లు దానిమీద ఉంటే అధికారులు ట్రాన్స్‌ఫార్మర్ పెంచాలనో, కొత్తది పెట్టాలనో ఎస్టిమేట్ వేస్తారు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది లోడును బట్టి, అప్పటి నిబంధనలను బట్టి తేలుతుంది. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు మెట్రో నగరాల్లో మూడు రోజుల్లో, ఇతర మున్సిపల్ ప్రాంతాల్లో ఏడు రోజుల్లో, గ్రామాల్లో పదిహేను రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలంటున్నాయని ఎవరైనా మీకు ధైర్యం చెప్పవచ్చు. ఆ గడువులు ఉన్న మాట వాస్తవమే, కానీ కొత్తగా లైను, ట్రాన్స్‌ఫార్మర్ అవసరం లేని చోటికే అవి వర్తిస్తాయి. నెట్‌వర్కు పెంచవలసి వస్తే అదనపు సమయం పడుతుంది. మేడ్చల్ అవతలి షెడ్డు విషయంలో నా అసలు భయం ఇదే. ఒంటరిగా ఉన్న షెడ్డుకు చివరి స్తంభం ఎంత దూరంలో ఉందో, ఆ లైను వ్యవసాయ ఫీడరో, పరిశ్రమల ఫీడరో తెలుసుకోకుండా అద్దె తక్కువని మురిసిపోకూడదు.

మూడవది, సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో, అంటే వాడకం ఎక్కువగా ఉండే వేళ, ఒక ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొని వెళ్లండి. మెయిన్ స్విచ్ దగ్గర మూడు ఫేజుల మధ్య వోల్టేజీ కొలిపించండి. 415 వోల్టులు ఉండవలసిన చోట ఆరు శాతం అటూ ఇటూ, అంటే 390 నుంచి 440 మధ్య ఉంటే సరే. 370కి పడిపోతుంటే మీ స్పైరల్ మిక్సర్ పిండి బరువు మీద మొదలయ్యేటప్పుడే మూలుగుతుంది, వైండింగ్ వేడెక్కి కొన్నాళ్లకు కాలిపోతుంది. ప్రతి ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య కూడా కొలిపించండి. మూడింటిలో ఒకటి 200, మరొకటి 260 చూపిస్తే న్యూట్రల్ వదులైందని అర్థం, అలాంటి చోట కోల్డ్ రూము కంట్రోలర్, తూకం యంత్రాలు ఒకటొకటిగా పోతాయి. సర్వీసు నడుస్తూ ఉంటే మీటరు మీది బటన్ నొక్కుతూ పోండి. తెర మారుతూ ఒకచోట ఎండీ అని గరిష్ఠ డిమాండు కనిపిస్తుంది. ముందున్నవారు నిజంగా ఎంత లోడు లాగారో ఆ అంకె చెబుతుంది. యజమాని చెప్పిన దానికంటే నేను దానినే నమ్ముతాను. చివరగా ఎర్త్ పిట్‌లు ఎక్కడున్నాయో అడగండి. చాలా పాత షెడ్లలో వాటిమీద సిమెంటు వేసేసి ఉంటారు. తడి నేలమీద చెప్పులు లేకుండా పనిచేసే మనుషులుండే బేకరీకి కొత్త ఎర్తింగ్, లీకేజీ బ్రేకర్లు లేకుండా స్విచ్ వేయవద్దు.

జనరేటరు గురించి ఒక్కమాట. గ్యాస్ ఓవెన్ కరెంటు పోతే నడుస్తుందని కొందరు అనుకుంటారు, నడవదు. ఫ్యాను ఆగితే బర్నర్ ఆగుతుంది, లోపలి ట్రాలీ సరుకు ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా మిగులుతుంది. అయితే గ్యాస్ ఓవెన్లకు, ప్రూఫరుకు, కోల్డ్ రూముకు కలిపి 30 కేవీఏ డీజిల్ జనరేటరు సరిపోతుంది. అదే విద్యుత్ ఓవెన్లయితే 125 కేవీఏ కొనాలి, పైగా అరగంట కోతకు కాల్చే డీజిలు ఆ బ్యాచ్ మీద లాభాన్ని మింగేస్తుంది. 2023 జూలై 1 నుంచి 800 కిలోవాట్ల లోపు కొత్త జనరేటర్లకు నాలుగో దశ ప్లస్ కాలుష్య ప్రమాణాలు వర్తిస్తున్నాయి కాబట్టి కొత్తది కొనేటప్పుడు ఆ ధ్రువీకరణ ఉందో లేదో చూడండి.

గ్యాస్ విషయానికి వస్తే హైదరాబాద్‌లో రెండు దారులున్నాయి. గెయిల్, హెచ్‌పీసీఎల్ ఉమ్మడి సంస్థ అయిన భాగ్యనగర్ గ్యాస్ వేసిన పైపులైను మీ వీధిలో ఉంటే పీఎన్‌జీ (పైపుల్లో వచ్చే సహజ వాయువు), లేకపోతే 19 కిలోల వాణిజ్య సిలిండర్లు. పైపులైను "ఆ ఏరియాలో ఉంది" అన్న మాటతో తృప్తిపడకండి, షెడ్డు గేటు ముందు ఉందా అన్నదే లెక్క. సిలిండర్లయితే ఒక చిన్న లెక్క వేసి చూడండి. కిలో ఎల్‌పీజీలో సుమారు 12.8 యూనిట్ల వేడి ఉంటుంది. 50 కిలోవాట్ల బర్నర్ ఆగకుండా మండితే గంటకు నాలుగు కిలోలు కాలుస్తుంది. వేడెక్కిన తరువాత బర్నర్ ఆగుతూ, వెలుగుతూ ఉంటుంది కాబట్టి సగం వేసుకుంటే, రెండు ఓవెన్లు ఎనిమిది గంటల షిఫ్టులో 32 కిలోల దగ్గర వాడతాయి, అంటే రోజుకు దాదాపు రెండు సిలిండర్లు. ఇప్పుడు అసలు ఇబ్బంది. లైసెన్సు లేకుండా ఒకచోట 100 కిలోలకు మించి ఎల్‌పీజీ నిల్వ ఉంచకూడదు. ఐదు సిలిండర్లు 95 కిలోలు, ఆరోది పెట్టగానే 114 కిలోలతో పరిమితి దాటుతారు. అంటే సరఫరాదారు రెండు రోజులకోసారి తప్పక రావాలి, పండుగ సెలవుల్లో కూడా. నిల్వ పెంచుకోవాలంటే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ అనుమతి, ఖాళీ స్థలం, దూరాల నిబంధనలు పాటించాలి. గోడకు గోడ ఆనుకొని ఉండే జీడిమెట్ల షెడ్లలో ఆ దూరాలు దొరకడం కష్టం. ఈ ఒక్క విషయంలో మేడ్చల్ షెడ్డుదే పైచేయి. జీడిమెట్లలో పీఎన్‌జీ ఉన్న వీధి దొరికితే ఇక ఆలోచించవద్దు.

నీళ్ల సంగతి. టన్ను మైదాకు పిండి కలపడానికి పట్టే నీరు 600 లీటర్ల లోపే. పాత్రలు, ట్రేలు కడగడం, నేల శుభ్రం చేయడం, పనివారి అవసరాలు కలిపితే రోజుకు రెండు మూడు వేల లీటర్లు చూసుకోవచ్చు. పరిమాణం పెద్దది కాదు, నాణ్యతే ముఖ్యం. ఆహార లైసెన్సుకు నీటి పరీక్ష నివేదిక అడుగుతారు. జీడిమెట్లలో దశాబ్దాలుగా రసాయన, ఔషధ పరిశ్రమలున్నాయి, భూగర్భజలం దెబ్బతిన్నదన్నది అందరికీ తెలిసిందే. అక్కడ బోరు నీటిని నేల కడగడానికి వాడుకోండి, పిండిలోకి మాత్రం రానివ్వకండి. ఆర్వో పెడితే సరిపోతుందని అమ్మేవారు చెబుతారు. ఏ ద్రావకాలు కలిశాయో తెలియని నీటిని ఆర్వో మీద నమ్మకంతో తిండిలో కలపడం నాకు సమ్మతం కాదు. జలమండలి కనెక్షన్ ఉంటే కృష్ణా, గోదావరి, మంజీరా నీరు వస్తుంది, కానీ రోజూ రాదు, చాలా ప్రాంతాల్లో రోజు విడిచి రోజు వస్తుంది. కాబట్టి మూడు రోజులకు సరిపడే సంపు, అంటే పది వేల లీటర్లది, బోరు నీటితో కలవకుండా విడిగా ఉండాలి. బిల్లు మీద ఉండే క్యాన్ నంబరు (వినియోగదారు ఖాతా సంఖ్య) తీసుకొని ఆ కనెక్షన్ గృహ కేటగిరీలో ఉందో, వాణిజ్య లేదా పారిశ్రామిక కేటగిరీలో ఉందో చూడండి. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం ఇళ్లకు మాత్రమే. పాత ఇంటి కనెక్షన్‌ను షెడ్డులో వాడుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు.

ఔటర్ అవతల పరిస్థితి వేరు. జలమండలి సేవల పరిధి స్థూలంగా ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. మీ రెండో షెడ్డు దాని వెలుపల ఉందన్నారు కాబట్టి బోరు, ట్యాంకరు తప్ప గతి లేదు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు మీకు రెండు రోజులు వస్తుంది, మామూలు నెలల్లో ఇబ్బంది ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఫోను ఎత్తరు, ఎత్తినా రేటు వారిదే. పైగా ప్రైవేటు ట్యాంకరు ఏ బోరు నుంచి నింపుకొచ్చిందో తెలియదు, పరీక్ష నివేదికలో చూపించిన నీరు, తొట్టెలో పడే నీరు ఒకటి కాకుండా పోతాయి. 2025 చివరలో ఔటర్ లోపల, దానిని ఆనుకొని ఉన్న మున్సిపాలిటీలను జీహెచ్‌ఎంసీలో కలిపిన తరువాత "ఇదంతా ఇక సిటీయే" అని మధ్యవర్తులు చెప్పడం ఎక్కువైంది. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన భూమిలో పైపు పడదు.

డ్రైనేజీని చాలామంది మరచిపోతారు. బేకరీ వ్యర్థజలంలో రసాయనాలుండవు కానీ డాల్డా, వెన్న, చక్కెర, పిండి ఉంటాయి. చల్లబడిన కొవ్వు పైపు గోడలకు పట్టి, దానికి పిండి అంటుకొని, కొన్ని నెలల్లో మీ మ్యాన్‌హోలే కాక వీధి మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంది. కడిగే తొట్టి తరువాత రెండు మూడు గదుల గ్రీజు ట్రాప్ కట్టించి, వారానికోసారి తీయించండి. అద్దె ఒప్పందానికి ముందు ఆవరణలోని చివరి మ్యాన్‌హోల్ మూత తీయించి, బకెట్టు నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూడండి. పాత వాడల్లో మురుగు పైపును వాన నీటి కాలువలోకి వదిలిన షెడ్లు లేకపోలేదు. అలాంటి చోట కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇస్తే, అది యూనిట్ నడుపుతున్న మీ పేరుమీదే వస్తుంది. ఆ మండలి అనుమతులు రెండు: స్థాపనకు ఒకటి, నడపడానికి ఒకటి. బేకరీల కేటగిరీ ఉత్పత్తి పరిమాణాన్ని, ఓవెన్ ఇంధనాన్ని బట్టి మారుతుంది. రోజుకు టన్ను అన్నది ఆ వర్గీకరణలో గీత గీసే అంకె కనుక దరఖాస్తులో సామర్థ్యం రాసేటప్పుడు నిదానంగా ఆలోచించి రాయండి. ఇది కూడా గ్యాస్ ఓవెన్లవైపే మొగ్గే కారణం, కట్టెలు, డీజిలు వాడేవారికి ప్రశ్నలు ఎక్కువ.

జీడిమెట్లకు ఉన్న పెద్ద లోపం కూడా చెప్పాలి. ఆహార భద్రతా నిబంధనల్లోని నాలుగో షెడ్యూలు, తయారీ కేంద్రం దుర్వాసన, పొగ, రసాయన వాయువులు వెలువడే పరిశ్రమలకు దూరంగా ఉండాలని కోరుతుంది. రాత్రి పది తరువాత ఒకసారి ఆ షెడ్డు ముందు నిలబడి గాలి పీల్చి చూడండి, పగలు తెలియని వాసన అప్పుడు తెలుస్తుంది. ప్రూఫరులో పొంగుతున్న పిండి చుట్టూ ఉన్న గాలినే పీల్చుకుంటుంది. ఇంజినీరింగ్, ప్యాకేజింగ్, ప్రింటింగ్ యూనిట్లున్న వరుస అయితే పరవాలేదు. అక్కడ దొరకకపోతే నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, గాజులరామారం వాడలు కూడా చూడండి, ఇవే పరీక్షలు అక్కడా చేయండి. ఇంకో సంగతి, ఈ వాడల్లో చాలాచోట్ల ఆస్తిపన్ను, భవన అనుమతులు మున్సిపాలిటీ కాక టీజీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) కింద ఉండే ఐలా, అంటే పారిశ్రామికవాడ స్థానిక సంస్థ, చూస్తుంది. ట్రేడ్ లైసెన్సు ఎక్కడ తీసుకోవాలో ముందే అడిగి తెలుసుకుంటే రెండు ఆఫీసుల మధ్య తిరిగే బాధ తప్పుతుంది.

ఇంటర్నెట్ మీ వ్యాపారానికి బిల్లింగు, ఆర్డర్లు, కెమెరాల వరకే కాబట్టి పెద్దగా చెప్పను. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి విద్యుత్ ప్రవహించి ప్రాణాలు పోయిన తరువాత నగరమంతటా స్తంభాలమీది కేబుళ్లు తొలగించారు, ఎన్నో చోట్ల నెట్ ఆగిపోయింది. ఒక ఫైబర్ లైను, దానికి తోడుగా వేరే సంస్థ 5జీ రూటర్ పెట్టుకోండి, బిల్లింగు సాఫ్ట్‌వేర్ నెట్ లేకున్నా నడిచేదై ఉండాలి. అంతకుమించి ఖర్చు వద్దు.

లీజు పత్రంలో కరెంటు గురించి రెండు వాక్యాలు తప్పక రాయించండి. మీరు లోడు పెంచుకుంటే కట్టే డెవలప్‌మెంట్ ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ ఎవరివో స్పష్టంగా ఉండాలి. వాడకం పెరిగితే రెండు నెలల బిల్లుకు సరిపడా ఏసీడీ అని అదనపు డిపాజిట్ అడుగుతారు, అది సర్వీసు ఎవరి పేరుమీద ఉంటే వారి ఖాతాలో చేరుతుంది, దానిమీద ఏటా వచ్చే వడ్డీ కూడా ఆ సర్వీసు బిల్లులోనే సర్దుబాటు అవుతుంది. యజమాని పేరుమీదున్న సర్వీసుకు మీరు కట్టిన డిపాజిట్ ఖాళీ చేసేటప్పుడు వెనక్కి అడిగితే, రసీదు చూపించమంటారు. రసీదులన్నీ దాచుకోండి, వీలైతే యజమాని అభ్యంతరం లేదన్న పత్రంతో సర్వీసును మీ సంస్థ పేరుకు మార్పించుకోండి. రేకుల మీద సోలార్ పెట్టే ఆలోచన ఉంటే దానికీ ఈ పత్రంలోనే సమ్మతి తీసుకోవాలి, కానీ మూడేళ్ల లీజుకు సోలార్ పెట్టమని నేను చెప్పను.

ముందుగా ఎవరిని కలవాలన్నారు. అడ్వాన్సు ఇవ్వకముందు ఆ ప్రాంతపు విద్యుత్ సెక్షన్ ఆఫీసుకు వెళ్లి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని కలవండి. చేతిలో యూఎస్‌సీ నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, మీ యంత్రాల జాబితా కిలోవాట్లతో సహా ఉండాలి. "ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకో 50 కిలోవాట్లు ఇవ్వగలరా, ఎస్టిమేట్ పడుతుందా" అని ఆ ఒక్క ప్రశ్నే అడగండి. చిన్న పరిశ్రమల నమోదుకు ఇచ్చే ఉద్యమ్ ధ్రువపత్రం మీ దగ్గర ఉండే ఉంటుంది, కొత్త చిరునామాను అందులో చేర్పించండి, పరిశ్రమల కేటగిరీ అడిగేటప్పుడు పనికొస్తుంది. తరువాత జలమండలి సెక్షన్ మేనేజరును క్యాన్ నంబరుతో కలవండి. ఈ రెండు ఆఫీసుల్లో స్పష్టమైన జవాబు వచ్చాక అడ్వాన్సు ఇచ్చి, విద్యుత్, నీరు, కాలుష్య అనుమతులన్నిటికీ రాష్ట్ర ప్రభుత్వ పరిశ్రమల అనుమతుల వెబ్‌సైటు టీజీ ఐపాస్ పోర్టల్‌లో ఒకేచోట దరఖాస్తు చేయండి. అక్కడ వేస్తే తేదీతో సహా రికార్డు ఉంటుంది, ఫైలు ఎవరి దగ్గర ఆగిందో కనిపిస్తుంది. విద్యుత్ సర్వీసులో అన్యాయమైన జాప్యం జరిగితే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, వాటికి లాయరు అక్కరలేదు.

ఓవెన్ మోడల్, బర్నర్ సామర్థ్యం, షెడ్డు పాత బిల్లులోని ఒప్పంద లోడు ఇక్కడే రాస్తే కేబుల్ సైజు, ప్యానెల్ వివరాలు లెక్క వేసి చెబుతాను. బిల్లు ఫొటో పెట్టేటట్లయితే పేరు, నంబర్లు కనబడకుండా చెరిపేసి పెట్టండి.